మందు అంటే ఏ మందు? మెదడు రసాయనాల కథపై ఒక విమర్శ

ఆదివారం అనుబంధాల్లో, ఆరోగ్య పేజీల్లో, కాలేజీల్లో పంచే కౌన్సెలింగ్ కరపత్రాల్లో ఒక మాట స్థిరపడిపోయింది. డిప్రెషన్ అంటే మెదడులో రసాయనాల సమతుల్యత తప్పడం. సెరటోనిన్ తగ్గితే దిగులు, డోపమైన్ పెరిగితే భ్రమలు. షుగరు జబ్బుకు ఇన్సులిన్ ఎలాగో దీనికి మాత్ర అలాగ. రాసేవాళ్ళు పెద్ద డాక్టర్లే. చదివిన మనిషి సిగ్గుపడకుండా ఆస్పత్రికి రావాలనే రాస్తారు. ఆ వుద్దేశాన్ని మేం శంకించడం లేదు. ఆ మాటలో మనిషి ఎక్కడున్నాడన్నదే మా ప్రశ్న. అందులో చేను లేదు, కూలి లేదు, వాడ లేదు, కులం లేదు. ఒక పుర్రె, దానిలో కొన్ని రసాయనాలు, ఎదురుగా ఒక డాక్టరు. అంతే.

ఈ విమర్శను మాత్రలకు వ్యతిరేకంగా చదవొద్దని ముందే చెప్పుకోవాలి. మందులు మానేయమని ఎవరికీ మేం చెప్పడం లేదు. హఠాత్తుగా మానేస్తే జబ్బు తిరగబెట్టడమే కాదు, మానడం వల్లే కొత్త బాధలు మొదలవుతాయి. మందు అందకపోతే ఏమవుతుందో కూడా మనకి తెలుసు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా దగ్గర గొలుసులతో కట్టేసి వుంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. మన వూళ్ళల్లో మనిషికి మతి చలిస్తే గాలి సోకిందంటారు, చేతబడి అంటారు, బాణామతి అంటారు. ఆ చేతబడి చేసింది ఎవరని వెతికితే వేలు తరచుగా మన పేటల వైపే, వొంటరి ఆడమనిషి వైపే తిరుగుతుంది. అందువల్ల ఇది పూర్వజన్మ పాపం కాదు, ఒంట్లో వచ్చిన జబ్బు అని చెప్పే శాస్త్రం మనకి శత్రువు కాదు. కర్మ సిద్ధాంతం మీద అదొక దెబ్బే. మా తగాదా ఆ శాస్త్రం సగంలో ఆగిపోవడం గురించి.

ఇంతకీ ఈ కథ ఎలా పుట్టింది?

రెండు నాడీకణాల మధ్య సన్నని ఖాళీ వుంటుంది. దాన్ని సైనాప్స్ అంటారు. ఒక కణం నుంచి వెలువడిన రసాయనం ఆ ఖాళీ దాటి అవతలి కణం మీది రిసెప్టర్‌కి తగులుతుంది. కబురు అందుతుంది. ఆ రసాయనాన్నే న్యూరోట్రాన్స్‌మిటర్ అంటున్నారు. 1921లో ఆటో లోవీ రెండు కప్ప గుండెలతో దీన్ని రుజువు చేశాడు. ఒక గుండె నాడిని ప్రేరేపించి, ఆ గుండె మునిగివున్న ద్రవాన్ని రెండో గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది. కబురు మోసింది ద్రవంలోని రసాయనమే. తర్వాత అది ఎసిటైల్‌కోలిన్ అని తేలింది. 1936లో హెన్రీ డేల్‌తో కలిపి లోవీకి నోబెల్ ఇచ్చారు. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ మానసిక జబ్బుల దగ్గర మొదలవుతుంది. అక్కడ ముందు సిద్ధాంతం వచ్చి తర్వాత మందు రాలేదు. మందే ముందొచ్చింది. సర్జరీలో మత్తుకు తోడుగా వాడిన క్లోర్‌ప్రొమజీన్‌ని 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ పిచ్చాసుపత్రి రోగులకిచ్చారు. అది డోపమైన్‌ని అడ్డుకుంటుందన్న వివరణకి పదేళ్ళకు పైగా పట్టింది. క్షయ రోగులకిచ్చిన ఇప్రోనియాజిడ్ వాళ్ళల్లో హుషారు తెచ్చింది. 1957 నాటికి దాన్ని దిగులు జబ్బుకి వాడటం మొదలుపెట్టారు.

మూడో మందు మన నేలది. సర్పగంధి వేరు బీహారు, బెంగాలు పల్లెల్లో పిచ్చిమందుగా ఎప్పట్నించో వాడుకలో వుంది. 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ దాని గురించి వైద్యపత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండులో సీబా కంపెనీ ఆ వేరులోంచి రిసర్పిన్‌ని విడదీసింది. రాసినవాళ్ళ పేర్లు మిగిలాయి, కంపెనీ పేరు మిగిలింది. వేరు ఎక్కడ దొరుకుతుందో, ఎంత మోతాదు ఇవ్వాలో తెలిసినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఇది ఇక్కడ పక్కమాటే గాని, రాయకుండా వుండలేకపోయాం.

ఈ రిసర్పిన్ మెదడులో సెరటోనిన్, నారడ్రెనలిన్ నిల్వల్ని ఖాళీ చేస్తుందని తేలింది. రక్తపోటుకి వాడినవాళ్ళల్లో కొందరు దిగులులో పడ్డారని నివేదికలొచ్చాయి. ఇప్రోనియాజిడ్ అవే రసాయనాల్ని పెంచుతుంది, హుషారు తెస్తుంది. తగ్గిస్తే దిగులు, పెంచితే హుషారు! ఈ రెండు కొసల్ని ముడేసి 1965లో షిల్డ్‌క్రౌట్ ఒక ప్రతిపాదన రాశాడు. దిగులు జబ్బులో నారడ్రెనలిన్ వంటివి తక్కువై వుండొచ్చన్నాడు. 1967లో కోపెన్ సెరటోనిన్ గురించి అలాంటిదే రాశాడు. అవి ప్రతిపాదనలు. 1987 చివర్లో అమెరికాలో ఫ్లుయోక్సెటిన్ మాత్రకి అనుమతి వచ్చాక కంపెనీల ప్రకటనల్లో ఆ ప్రతిపాదన కాస్తా సత్యమై కూర్చుంది.

దీంట్లోని తర్కాన్ని మన పద్ధతిలో చూద్దాం. నాట్లేసి వచ్చిన మనిషికి రెండు గుక్కలు కల్లు పడితే నడుం నొప్పి తెలియదు. అంతమాత్రాన ఒంట్లో కల్లు తక్కువై నడుం నొప్పి వచ్చిందంటామా? మందు వల్ల ఉపశమనం కలగడం ఒకటి. ఆ మందు పనిచేసే చోటే జబ్బుకి మూలం వుందనడం ఇంకొకటి. 2022లో జొయానా మాంక్రీఫ్ బృందం అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని పోగేసి చూసి, సెరటోనిన్ తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని రాసింది. దానికి చాలామంది సైకియాట్రిస్టులు గట్టిగా జవాబిచ్చారు. పరిశోధనల్ని తూచిన తీరు సరికాదన్నారు. సెరటోనిన్‌కి అసలు పాత్రే లేదని చెప్పలేమన్నారు. అంత సరళంగా తక్కువ-ఎక్కువ లెక్కని తాము ఎప్పుడో వదిలేశామని కూడా కొందరన్నారు. వదిలేస్తే మంచిదే. మరి తెలుగు కరపత్రాల దాకా ఆ కబురు ఎందుకు రాలేదు? మన దగ్గరికొచ్చే విజ్ఞానం ఎప్పుడూ పాతబడ్డాకే వస్తుందా?

మాత్రలు పనిచెయ్యవా అంటే, చేస్తాయి. 2018లో సిప్రియాని బృందం 522 పరీక్షల్ని, లక్షా పదహారు వేల మందికి పైగా రోగుల వివరాల్ని కలిపి చూసింది. 21 రకాల దిగులు మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గానే పనిచేశాయి. సగటున చూస్తే ఆ మెరుగు మరీ పెద్దది కాదు. జబ్బు ముదిరినవాళ్ళకి అది ప్రాణం నిలబెట్టేంత కావచ్చు. కాబట్టి మాత్ర వుండాలి, అందాలి. దాంతోపాటు అంటగట్టే కథనే మేం తిప్పికొడుతున్నాం.

తిప్పికొట్టి ఏం పెడతారని అడగొచ్చు. మన భాషే దారి చూపిస్తుంది. తెలుగులో 'మందు' అన్న మాటకి మూడర్థాలున్నాయి. ఆస్పత్రిలో ఇచ్చేది మందు. పత్తి మీద కొట్టేది మందు. సాయంత్రం గొంతులో పోసుకునేదీ మందే. ఫలానావాడు మందు తాగాడని కబురొస్తే ఏ మందని అడిగాకే మనకి వూపిరాడుతుంది. ఈ మూడు మందులూ పనిచేసే చోటు ఒకటే. ఆ సైనాప్సే. ఆరోగ్య పేజీ డాక్టర్లు మొదటి మందు గురించే రాస్తారు. మిగతా రెండూ వ్యవసాయ శాఖకీ ఎక్సైజు శాఖకీ వదిలేశారు.

లోవీ కప్ప గుండెలో దొరికిన ఎసిటైల్‌కోలిన్ దగ్గరికే మళ్ళీ వెళ్దాం. కబురు అందించాక ఈ రసాయనాన్ని వెంటనే విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి వుంది. లేకపోతే కబురు ఆగకుండా మోగుతూనే వుంటుంది. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు సరిగ్గా ఆ ఎంజైమ్‌నే కట్టేస్తాయి. పురుగులో కట్టేసినట్టే మనిషిలోనూ కట్టేస్తాయి. జర్మనీలో ఐ.జి. ఫార్బెన్ కంపెనీలో గెర్హార్డ్ ష్రాడర్ 1930ల్లో పురుగుమందుల కోసం వెతుకుతూనే టాబున్, సారిన్ అనే యుద్ధవిషాల్ని తయారుచేశాడు. ఒకే కుటుంబం. వీపున పంపు తగిలించుకుని ఎదురుగాలిలో పత్తికీ మిరపకీ మందు కొట్టే కూలీకి చెమటలు, చొంగ, కళ్ళనీళ్ళు, చూపు మసక, కండరాల అదురు. ఆస్పత్రిలో అట్రొపిన్ ఎక్కించి ఎసిటైల్‌కోలిన్ తగిలే చోటుని మూసేస్తారు. న్యూరోట్రాన్స్‌మిటర్ల గురించి వైద్యవిద్యార్థి పుస్తకంలో చదివేది మన వాళ్ళు ఒంటితో చదివారు.

మందు కొట్టేది ఎవరు? చేను ఎవరిదైనా పంపు మోసేది ఎక్కువగా మాల మాదిగ పేటల నుంచి వచ్చిన కూలీలే. బిందెల్తో నీళ్ళు మోసేదీ, వట్టి చేత్తో మందు కలిపేదీ, ఆ తడి ఆరకముందే కలుపుకి దిగేదీ ఆడకూలీలు. ఆర్గానోఫాస్ఫేట్లు కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి తగిలినవాళ్ళల్లో దిగులు, ఆందోళన ఎక్కువగా కనిపిస్తున్నాయని పలు దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. అదే కారణమా అన్నదానిమీద వాదన నడుస్తోంది. నడవనివ్వండి. కాని దిగులుతో ఆస్పత్రికొచ్చిన కూలీని, చేలో మందు కొడతావా అని ఒక్క ముక్క అడగడానికి ఆ వాదన తేలాల్సిన పనిలేదు కదా.

1997-98లో వరంగల్ పత్తి చేలల్లో వందలాది రైతులు పురుగుల్ని చంపని మందునే తాగి చచ్చిపోయారు. అప్పుల గురించి రాశారు, నకిలీ విత్తనాల గురించి రాశారు. పాసుపుస్తకం లేని కౌలుదారూ కూలీ ఆ లెక్కలోకి ఎక్కడానికే కష్టపడ్డారు. ఇక్కడ శ్రీలంక అనుభవాన్ని చెప్పుకోవాలి. 1995లో అక్కడ ఆత్మహత్యలు లక్షకు 47 దాకా వున్నాయి. ఆ ఏడాదికల్లా అత్యంత విషపూరితమైన పురుగుమందుల్ని, 1998లో ఎండోసల్ఫాన్‌ని నిషేధించారు. 2005 నాటికి ఆ సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. ఆ పదేళ్ళలో సింహళ రైతుల మెదళ్ళల్లో సెరటోనిన్ ఏమన్నా పెరిగిందా? ఇంట్లో మూలనున్న డబ్బాలోని విషం మారింది. నిస్పృహ ముంచుకొచ్చిన ఆ కాసేపట్లో చేతికందేది ఏమిటన్నది చావుబతుకుల్ని తేల్చింది. ఆత్మహత్యల నివారణ మీద ఎన్నో సెమినార్లు జరుగుతాయి. పురుగుమందుల దుకాణం గురించి వాటిలో మాట్లాడేది బహుతక్కువ.

రెండో రసాయనం గాబా. మెదడుని నెమ్మదింపజేసేది ఇదే. ఆల్‌ప్రజోలం, డయజిపాం వంటి మాత్రలు దీని పనిని పెంచి నిద్ర, నెమ్మది తెస్తాయి. పట్నంలో ఆఫీసరుకి ఇది చీటీ మీద రాసిచ్చే నిద్రమాత్ర. తెలంగాణ జిల్లాల్లో ఇదే పొడిగా కల్లులో కలుస్తుంది. తాటిచెట్టు ఎక్కి ప్రాణాలకు తెగించి కల్లు గీసే గీత కార్మికుడిని దీనికి నిందించలేం. చెట్ల కల్లు చాలని చోట నీళ్ళూ మత్తుపొడీ కలిపి అమ్ముకునే వ్యాపారం వేరేవాళ్ళది. బీడీలు చుట్టే ఆమె, ఇటుక బట్టీల్లో మోసే అతను రోజూ ఎంత గాబా మందు తాగుతున్నారో వాళ్ళకి తెలియదు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా ఆగిపోయింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో వందల మంది మూర్ఛలతో, పిచ్చిచూపులతో ఆస్పత్రుల పాలయ్యారు. ఎర్రగడ్డ ఆస్పత్రి నిండిపోయింది. కొందరు చనిపోయారు. బెంజోడయజిపైన్లని హఠాత్తుగా ఆపితే ఫిట్సు వస్తాయని, మెల్లగా తగ్గించుకుంటూ రావాలని పాఠ్యపుస్తకంలోనే వుంది. ఆఫీసరుగారి మాత్ర ఆపాల్సొస్తే డాక్టరు నెలల తరబడి తగ్గిస్తాడు. కల్లు కాంపౌండు ముందు కూర్చునేవాళ్ళకి మాత్రం రాత్రికి రాత్రి ఆపొచ్చా? 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో మళ్ళీ కల్తీ కల్లు చావులే.

ఇక మొదటి మందు, ఆస్పత్రి మందు. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. మన విద్యార్థులు, కార్యకర్తలు ఇక్కడే పనికొస్తారు.

మా వాడలో పిన్ని వరస ఆవిడ ఒకామె మిరప కోతలకెళ్తుంది. మాటలు వినపడుతున్నాయని, ఎవరో తిడుతున్నారని జబ్బు. ఒక ప్రభుత్వాసుపత్రికి తోడెళ్ళాం. ఓపీలో ఆమెకి దక్కింది రెండు నిమిషాలు.

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"ఏసుకుంటన్నా బాబూ. మాటలు తగ్గినయ్. కానీ మెలకువ రాటంల్యా. నాలుగున్నరకి లెగవకపోతే ఆటో ఎల్లిపోద్ది. కూలి పోద్ది."

"రాత్రి పెందలాడే వేసుకో."

"వొండుకుని తినేసరికే తొమ్మిదవుద్ది గదయ్యా. ఎండలో కళ్ళు తిరగతన్నయ్. చెమటే పట్టటంల్యా."

డాక్టరు తల వూపి అవే మాత్రలు మళ్ళీ రాశాడు. అరవయ్యేళ్ళామెని 'నువ్వు' అన్నాడన్నది మాకు కొత్త కాదు. చెమట పట్టడం లేదన్న మాటని వదిలేయడమే అసలు తప్పు. మతి చలించిన జబ్బుకిచ్చే మాత్రలతో ఒళ్ళు బిగుసుకుపోతుందని తోడుగా ట్రైహెక్సీఫెనిడిల్ ఇస్తారు. అది ఎసిటైల్‌కోలిన్‌ని అడ్డుకుంటుంది. చెమట గ్రంథులకి కబురు మోసే రసాయనం కూడా ఆ ఎసిటైల్‌కోలినే! దాన్ని అడ్డుకుంటే చెమట పట్టదు. చెమట పట్టని ఒళ్ళు ఎండలో చల్లబడదు. నీడలో కూర్చునే మనిషికి ఇది నోరు ఎండిపోవడంతో సరిపెట్టుకునే చిన్న ఇబ్బంది. ఏప్రిల్ ఎండలో మిరప కల్లంలో పన్నెండు గంటలుండే మనిషికి వడదెబ్బ.

లిథియం కథ ఇంకా కఠినం. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ కనిపెట్టిన ఈ మందు ఉన్మాదానికీ దిగులుకీ మధ్య వూగే జబ్బుకి ఇప్పటికీ గొప్ప ఆసరా. ఏదో ఒక న్యూరోట్రాన్స్‌మిటర్ తక్కువైందనే కథలో ఇది ఇమడదు. ఇదొక మామూలు లవణం. కాని మేలు చేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ. రక్తపరీక్ష చేయిస్తూ వుండాలి. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. ఒళ్ళు నొప్పులకి వేసుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వల్లా పెరుగుతుంది. రోజంతా చెమటోడ్చి, సాయంత్రం ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి బిళ్ళ కొనుక్కునేది ఎవరో విడమరిచి చెప్పాలా? చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది, విరేచనాలవుతున్నాయి అని ఆ మనిషి వస్తే తాగొచ్చాడని పంపేసే ప్రమాదం వుంది. ఎందుకంటే మన మనిషి తూలితే లోకానికి ముందు తోచేది అదే.

ఓపీ చీటీ మీద పేరు, వయసు, ఆడా మగా అని వుంటాయి. చేసే పని రాయడానికి గడి వుండదు. మందుల శాస్త్రం వూహించుకున్న దేహం నీడపట్టున కూర్చుని, వేళకి తిని, వేళకి నిద్రపోయే దేహం. దాన్ని ఏ కులపు దేహమని అడిగితే శాస్త్రానికి కులం ఏమిటని మన మీదే కోప్పడతారు.

శాస్త్రానికి రంగూ కులమూ అంటకపోవడం ఎక్కడా జరగలేదు. 1851లో అమెరికాలో కార్ట్‌రైట్ అనే డాక్టరు బానిసలు పారిపోవడాన్ని ఒక మానసిక జబ్బుగా రాసి దానికి గ్రీకు పేరు పెట్టాడు. నల్లవాళ్ళ హక్కుల పోరాటం ఎగసిన 1960ల్లో మిచిగన్‌లోని అయోనియా ఆస్పత్రిలో స్కిజోఫ్రీనియా అనే పేరు నల్ల మగవాళ్ళ మీద ఎలా పడుతూ వచ్చిందో జొనాథన్ మెట్జ్‌ల్ ఆస్పత్రి రికార్డుల నుంచి చూపించాడు. డోపమైన్‌ని అడ్డుకునే హాలోపెరిడాల్‌కి 1974లో ఒక సైకియాట్రీ పత్రికలో వచ్చిన ప్రకటనలో, కాలుతున్న నగరం ముందు పిడికిలి బిగించిన నల్లవాడి బొమ్మ వేశారు. పిడికిలి జబ్బు, మాత్ర మందు.

మన విశ్వవిద్యాలయాల్లో ఇది మరో రూపంలో నడుస్తుంది. దళిత విద్యార్థి కోపంగా వుంటే సర్దుకుపోలేని తత్వం. చనిపోతే వ్యక్తిగత నిస్పృహ. 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణం తర్వాత కేంద్రం వేసిన రూపన్‌వాల్ కమిషన్ ఆ చావుకి సొంత కారణాలే కారణమని తేల్చింది. అంతటితో ఆగక ఆయన తల్లి కులాన్నే ప్రశ్నించింది. సస్పెన్షన్, హాస్టల్ నుంచి వెలి, ఆగిన ఫెలోషిప్ ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఒక పుర్రె, అందులో రసాయనాలే. కాంపస్ కౌన్సెలింగ్ కేంద్రం వద్దని మేం అనం. మేమూ ఆ గుమ్మం ఎక్కినవాళ్ళమే, మాత్రలు మింగినవాళ్ళమే, వాటివల్ల మళ్ళీ పుస్తకం పట్టుకున్నవాళ్ళమే. కాని ఫెలోషిప్ ఎన్ని నెలలుగా రాలేదని కౌన్సెలరు అడిగితే అదీ వైద్యంలో భాగమే.

చట్టంలో కొంత ఆధారం దొరుకుతుంది. 2018 మే నుంచి అమల్లో వున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షను, రాజకీయ, ఆర్థిక, సామాజిక హోదాని బట్టి గాని, సమాజంలో చలామణీలో వున్న విలువలకి తల వంచనందుకు గాని ఎవరికీ మానసిక జబ్బు అంటగట్టకూడదంటోంది. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో వున్నట్టే భావించాలని 115వ సెక్షను చెబుతోంది. 18వ సెక్షను ఇంకా పనికొచ్చేది. అత్యవసర మందుల జాబితాలోని మానసిక వైద్యపు మందులన్నీ సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై ప్రభుత్వాసుపత్రుల్లో అన్నివేళలా వుచితంగా దొరకాలి. బీదరికపు రేఖకి దిగువనున్నవాళ్ళకి కార్డు లేకపోయినా ప్రభుత్వ వైద్యం వుచితం. మరోపక్క 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ లేవు.

కాబట్టి మన సంఘాలు, విద్యార్థులు ఈ నెలలోనే చేయగల పని ఒకటుంది. మండలంలోని సామాజిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి మందుల కిటికీ దగ్గర ఫ్లుయోక్సెటిన్, రిస్పెరిడోన్, లిథియం వున్నాయా అని అడగాలి. ఎన్ని రోజులకి సరిపడా ఇస్తారో రాసుకోవాలి. పది రోజులకే ఇస్తే నెలకి మూడు కూళ్ళు పోతాయి గనుక నెలకి సరిపడా అడగాలి. లిథియం రక్తపరీక్ష ఎక్కడ చేస్తారో, చార్జీలకి ఎంతవుతుందో కనుక్కోవాలి. పేటలో ఆ మాత్రలు వాడుతున్నవాళ్ళ చీటీల వెనక, డాక్టరుకి కనపడేట్టుగా, వాళ్ళు చేసే పని, ఎండలో వుండే గంటలు, మందు కొడతారా లేదా, కల్లు తాగుతారా లేదా పెద్దక్షరాలతో రాసి పంపాలి. మా పిన్ని చీటీ వెనక మేం అలాగే రాశాం. తర్వాతిసారి వేరే డాక్టరమ్మ వుంది. చీటీ తిప్పి చదివి, ట్రైహెక్సీఫెనిడిల్ సగానికి తగ్గించి, ఎండాకాలం అయ్యేదాకా పదిహేను రోజులకోసారి కనపడమంది.